ఆట ఆపేశాక కోచ్ అవ్వాలంటే: తిరుపతి హాకీ గోలీ చెప్పే సంగతులు

పొద్దున అయిదున్నరకి గ్రౌండుకి చేరితే శేషాచలం కొండ ఇంకా నల్లగానే ఉంటుంది. నేను ముగ్గుపిండి డబ్బా పట్టుకుని డీ (గోలు ముందర ఉండే అర్ధవృత్తం లాంటి గీత) గీసేలోపు కొండ అంచు ఎర్రబడుతుంది, పిలకాయలు సైకిళ్ళ మీద ఒక్కొక్కరే దిగుతారు. పద్నాలుగేళ్ళుగా ఇదే పని. అంతకుముందు పదకొండేళ్ళు హెల్మెట్టూ లెగ్ గార్డులూ కట్టుకుని గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, గోలు ముందర నిలబడ్డాను. మొదట స్కూలు జట్టు, తర్వాత పద్మావతి మహిళా యూనివర్సిటీ, ఆ తర్వాత జిల్లా.

ఈ మధ్య నెలకొకరైనా అడుగుతున్నారు, "అక్కా, నేనింక ఆడలేను. కోచ్ అవ్వాలంటే ఏం చెయ్యాల?" అని. మోకాలు దెబ్బతిన్నవాళ్ళు, పెళ్ళయి ఊరు మారినవాళ్ళు, సెలక్షన్లో పేరు రానివాళ్ళు. ఒక్కొక్కరికీ గంట చెప్పినా ఇంకా ఏదో మిగిలిపోతోంది. అందుకే కూర్చుని రాస్తున్నాను. నేను రాసేది హాకీ గురించే అయినా కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ వాళ్ళకీ చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక మనిషి గురించి చెప్పాలి. 2020లో లాక్‌డౌన్ పెట్టినప్పుడు గ్రౌండుకి తాళం పడింది. ఇంట్లో ఊరికే ఉండలేక ఫోన్లో గోలీల వీడియోలు చూస్తూ కూర్చున్నాను. అట్లా దొరికాడు డొమినిక్ హాషెక్, చెక్ దేశపు ఐస్ హాకీ గోలీ. 1998లో జపాన్‌లోని నాగనోలో జరిగిన ఒలింపిక్స్‌లో ఆరు మ్యాచులాడి మొత్తం ఆరు గోల్సే ఇచ్చాడు. మంచు మీద పొర్లి, కాలెత్తి, చెయ్యెత్తి ఎట్లా వీలైతే అట్లా ఆపేస్తాడు. ఆ మ్యాచులు మళ్ళీ మళ్ళీ చూస్తూ ఉంటే నా చూపు గోలు మీదనుంచి మెల్లగా బెంచీ వెనక్కి జరిగింది. అక్కడ ఒక భారీ మనిషి నిలబడి ఉన్నాడు. ఆయనే కోచ్, ఇవాన్ హ్లింకా.

హ్లింకా 1950లో ఉత్తర బొహీమియాలో మోస్త్ అనే ఊళ్ళో పుట్టాడు. బొగ్గు గనులు, రసాయన ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం. పక్కనే ఉన్న లిట్వీనోవ్ క్లబ్బులో ఆడి పెద్దవాడయ్యాడు. అప్పటి ఉమ్మడి చెకోస్లొవేకియా జట్టుతో 1972, 1976, 1977లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. 31 ఏళ్ళ వయసులో కెనడా వెళ్ళి వాంకూవర్ కనక్స్‌కి ఆడాడు. మొదటి సీజన్లోనే 23 గోల్స్ కొట్టి, ఇంకో 37 గోల్స్‌కి పాస్ అందించాడు. రెండూ కలిపితే 60 పాయింట్లు. ఆ క్లబ్బులో కొత్తగా చేరినవాళ్ళెవరికీ అప్పటిదాకా అన్ని పాయింట్లు రాలేదు. ఆ ఏడాది, అంటే 1982లో, జట్టు ఎన్‌హెచ్‌ఎల్ (అమెరికా, కెనడా క్లబ్బుల ఐస్ హాకీ లీగు) విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఫైనల్ దాకా పోయింది. ఆ తర్వాత స్విట్జర్లాండ్‌లో జూగ్ క్లబ్బుకి ఆడి, ఇంటికొచ్చి, సొంత క్లబ్బు లిట్వీనోవ్‌కే కోచ్ అయ్యాడు. 1998లో ఒలింపిక్ స్వర్ణం, మరుసటేడు ప్రపంచ చాంపియన్‌షిప్ స్వర్ణం ఆయన శిక్షణలోనే వచ్చాయి.

ఈ అంకెల్లో నా కంటికి మొదట తగిలింది 37. కొట్టినవాటికంటే కొట్టించినవి ఎక్కువ. మీరు కోచ్ పనికి సరిపోతారా లేదా అని సందేహంగా ఉంటే మీ ఆటలో కూడా ఇదే చూసుకోండి. పక్కవాళ్ళకి అందించినప్పుడు మీకు గోలు కొట్టినంత సంతోషం కలిగేదా? కలిగేదంటే మిగతాది నేర్చుకోవచ్చు.

ఆడుతున్నప్పుడే మొదలుపెట్టండి, ఆపాక మాత్రం నిజంగా ఆపండి

ఇంకా జట్టులో ఉన్నవాళ్ళు కెప్టెన్ పని వస్తే వదులుకోవద్దు. నాగనోలో చెక్ జట్టు కెప్టెన్ వ్లాదిమీర్ రూజిచ్కా. అతనూ మోస్త్‌లో పుట్టినవాడే, లిట్వీనోవ్ క్లబ్బులో ఎదిగినవాడే. ఒలింపిక్స్ నాటికి 34 ఏళ్ళు. తర్వాత కోచ్ అయ్యి 2003లో ప్రాగ్‌లోని స్లావియా క్లబ్బుకి లీగ్ టైటిల్ తెచ్చాడు. జాతీయ జట్టుకి 2005లో వియన్నాలో ఒకసారి, 2010లో కొలోన్‌లో ఇంకోసారి ప్రపంచ స్వర్ణం సాధించాడు. 2010లో పేరున్న ఆటగాళ్ళు చాలామంది రామన్నారు. వచ్చినవాళ్ళతోనే ఫైనల్లో రష్యాని 2–1తో గెలిచాడు. హ్లింకా బెంచీ వెనక ఏ నిర్ణయం ఎందుకు తీసుకుంటున్నాడో కెప్టెన్‌గా దగ్గరుండి చూసిన మనిషి అతను. మీరూ మీ కోచ్ పక్కన కూర్చోండి. ఫలానా అమ్మాయిని ఎందుకు మార్చారు, ఆ పెనాల్టీ కార్నర్‌కి ఈమెనే ఎందుకు పిలిచారు అని అడిగి రాసుకోండి. చిన్నపిల్లల వార్మప్ మీరే చేయిస్తానని చెప్పండి. ఒక్క ఏడాది అట్లా చేస్తే ఏ కోర్సులోనూ దొరకనంత దొరుకుతుంది.

ఆపేశాక మాత్రం స్టిక్ పక్కన పెట్టండి. ఇక్కడే నేను మొదటి ఏడాది పెద్ద పొరపాటు చేశాను. ప్రాక్టీసులో నేనే పాడ్లు కట్టుకుని గోల్లో నిలబడేదాన్ని. పదకొండు, పన్నెండేళ్ళ పిలకాయలు కొట్టే బంతులు ఎక్కడికి పోతాయి? అన్నీ ఆపేసేదాన్ని. వాళ్ళకి మంచి గోలీ ముందు అలవాటవుతోందని అనుకున్నాను. ఇరవైరెండు మందితో మొదలైన బ్యాచ్ నెల తిరక్కుండానే తొమ్మిదికి పడిపోయింది. ఒకరోజు రైతు బజారులో ఒక పిల్లవాడి అమ్మ కనబడి, "వాడికి గోలు కొట్టేది రాదంట కదమ్మా, ఇంక ఊరికే ఎండలో ఎందుకని మాన్పించినాం" అంది. సంచీలో టమోటాలు వేసుకుంటూ మామూలుగానే అంది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ పిల్లవాడు నెలరోజులు వచ్చి, రోజుకి ఇరవైసార్లు కొట్టి, ఒక్కసారి కూడా బంతి వలలో పడిన చప్పుడు వినకుండా వెళ్ళిపోయాడు. మరుసటిరోజే నా పాడ్లు తీసి పదమూడేళ్ళ అమ్మాయికి కట్టాను. ఆమెకి వదులయితే లోపల పాత తువ్వాళ్ళు చుట్టాం.

కాబట్టి మొదటి ఆరు నెలలు ఇది పాటించండి. ఏదైనా చూపించాలంటే నిదానంగా మూడుసార్లు చేసి చూపించండి, తర్వాత స్టిక్ నేలమీద పెట్టేయండి. పిలకాయల మ్యాచులో మీరు దిగొద్దు, ఒక మనిషి తక్కువైనా సరే.

చూడడం నేర్చుకోండి

ఆటగాళ్ళుగా మనం ఎప్పుడూ బంతినే చూసి ఉంటాం. కోచ్‌కి బంతి లేని చోట ఎక్కువ పని. దీనికి ఒక రెండు వందల పేజీల నోటుబుక్కూ ఒక పెన్నూ చాలు.

ఏదో ఒక మ్యాచ్‌కి వెళ్ళి గోలు వెనక కూర్చోండి. ఒక్క అమ్మాయినే ఎంచుకోండి. పది నిమిషాలు ఆమెనే చూడండి, బంతి ఎక్కడున్నా సరే. మూడు సంగతులు రాయండి. బంతి తన దగ్గరికి రాకముందు తల తిప్పి చూసిందా? బంతి అందేటప్పుడు కాళ్ళు ఎట్లా ఉన్నాయి? బంతి పోగొట్టుకున్నాక మొదటి రెండడుగులు ఎటు వేసింది? మూడోదాంట్లోనే మనిషి తెలిసిపోతుంది. కొందరు వెంటనే వెనక్కి ఉరుకుతారు, కొందరు అంపైర్ వైపు చూస్తారు, కొందరు స్టిక్‌ని నేలకేసి కొడతారు. ముగ్గురికీ మీరు మర్నాడు చెప్పాల్సింది వేరువేరు.

ఐస్ హాకీ చూడడం నాకు ఇందులో బాగా ఉపయోగపడింది. అక్కడ గోలీ కాక అయిదుగురే మంచు మీద ఉంటారు. ఒక్కొక్కరు ముప్పావు నిమిషం అటూ ఇటూగా ప్రాణం పెట్టి ఆడి బెంచీకి వచ్చేస్తారు, ఇంకొకరు దూకుతారు. ఆట ఆగదు. వచ్చి ఆయాసపడుతున్నవాడికి కోచ్ చెప్పగలిగేది ఒక్క మాట, అంతే. మన హాకీలోనూ ఎప్పుడంటే అప్పుడు మనుషుల్ని మార్చుకోవచ్చు కదా. పదిహేను నిమిషాల క్వార్టర్లో అమ్మాయి బయటికొచ్చి నీళ్ళు తాగేలోపు మీరు ఏం చెబుతారో ముందే ఆలోచించుకోండి. ఒక్క సంగతే చెప్పండి, అదీ ఆమె మళ్ళీ లోపలికెళ్ళాక వెంటనే చెయ్యగలిగేది. "ఇంకా బాగా ఆడు" అంటే ఆమె ఏం చెయ్యాలి? "బంతి రాకముందు ఎడమ భుజం మీదుగా ఒకసారి చూడు" అంటే చేస్తుంది.

ఇంకొకటి చెబుతాను, కష్టంగా ఉంటుంది గానీ తప్పకుండా చెయ్యండి. ఒక ప్రాక్టీసు మొత్తం ఫోన్ జేబులో పెట్టుకుని మీ గొంతు రికార్డు చేసుకుని ఇంటికెళ్ళి వినండి. నేను విన్నరోజు గంటలో డెబ్భై ఒక్కసారి "పరిగెత్తు" అన్నాను. వాళ్ళు పరిగెత్తుతూనే ఉన్నారు. ఎటు పరిగెత్తాలో ఒక్కసారీ చెప్పలేదు.

స్టిక్ దగ్గర పట్టి చూడండి

పిల్లలకి రానిది కనిపిస్తే ముందు వాళ్ళ చేతిలో ఉన్న వస్తువు చూడండి, తర్వాత చెయ్యి చూడండి, ఆ తర్వాతే పిల్ల గురించి ఏమైనా అనుకోండి. పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె బంతిని ఆపలేకపోయేది. ప్రతిసారీ స్టిక్ కింద నుంచి జారిపోయేది. మూడు రోజులు అదే చెప్పాను, "వంగు, ఇంకా వంగు, నన్ను చూడు". నాలుగో రోజు ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చూశాను. స్టిక్ వాళ్ళ అన్నయ్యది. నిలువుగా పక్కన పెడితే పై కొస ఆమె పక్కటెముకలకి తగులుతోంది. ఎడమ చెయ్యి స్టిక్ కొసన ఉండాలి, ఆ కొస కడుపుకి గుచ్చుకుంటూ ఉంటే నొప్పికి చెయ్యి కిందికి జార్చి పట్టుకుంటోంది. పట్టు కిందికి జారగానే స్టిక్ ముఖం ఆకాశం వైపు తిరిగిపోతోంది. బంతి ఎందుకు ఆగుతుంది?

స్టిక్ నిలబెడితే పై కొస తుంటి ఎముక దాకా రావాలి. పెద్దవాళ్ళది ముప్పై ఆరున్నర అంగుళాలుంటుంది, పిల్లలకి దానికంటే చిన్నది కావాలి. కొత్తది కొనివ్వడానికి ఆ ఇంట్లో డబ్బుల్లేవు. పాత స్టిక్ ఒకటి తీసుకుని వడ్రంగి దగ్గర పై కొస కోయించి, గ్రిప్ టేపు కొత్తగా చుట్టి ఇచ్చాను. టేపు సగం సగం మీదికొచ్చేలా చుట్టి పైన రెండు చుట్లు ఎక్కువ వెయ్యండి. ఎడమ చెయ్యి జారదు. ఆ పొద్దున్నే ఆమె పదికి ఏడు బంతులు ఆపింది. మూడు రోజులు నేను ఆమెని తిట్టిన తిట్లన్నీ ఒక వడ్రంగి రంపంతో పోయాయి.

కాగితాలు

ఇది త్వరగా చెప్పేస్తాను. స్కూల్లో పీఈటీ ఉద్యోగం కావాలంటే బీపీఎడ్ (వ్యాయామ విద్య డిగ్రీ) చెయ్యాలి. కోచ్‌గా గట్టి గుర్తింపు కావాలంటే పటియాలాలో 1961లో పెట్టిన జాతీయ క్రీడా సంస్థ ఉంది, అందరూ ఎన్ఐఎస్ అంటారు. అక్కడ కోచింగ్‌లో ఏడాది డిప్లొమా ఉంది, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సూ ఉంది. మన వాళ్ళకి దగ్గరగా బెంగళూరు సాయ్ (భారత క్రీడా ప్రాధికార సంస్థ) కేంద్రంలో కూడా కొన్ని ఆటలకి డిప్లొమా నడుపుతారు. ఏ ఏడాది ఏ ఆటకి, అర్హత ఏమిటి అన్నది ఆ ఏటి నోటిఫికేషన్లోనే చూసుకోండి, ఎవరో చెప్పిన మాట నమ్మి డబ్బు కట్టకండి. ఉద్యోగం చేసుకుంటున్నవాళ్ళకి ఆరు వారాలది వీలవుతుంది, నేను చేసిందీ అదే. మీరు ఆడిన టోర్నమెంట్ల సర్టిఫికెట్లు ఇప్పుడే ఒక ఫైల్లో పెట్టండి. నాది ఒకటి వానకి తడిసి పేరు చెరిగిపోతే ఎంత తిరిగినా రెండోది దొరకలేదు.

ప్రథమ చికిత్స మాత్రం సర్టిఫికెట్ కోసం కాకుండా నిజంగా నేర్చుకోండి. పన్ను ఊడి పడితే వేరు పట్టుకోకుండా తీసి పాలలో వేసి, గంటలోపు పంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాలి. తలకి దెబ్బ తగిలితే "బాగానే ఉన్నానక్కా" అన్నా ఆ రోజు మళ్ళీ ఆడనివ్వకూడదు. మన ఎండలకి ఏప్రిల్, మే నెలల్లో ఎనిమిదిలోపు ప్రాక్టీసు ముగించాలి, పావుగంటకొకసారి నీళ్ళు తాగించాలి.

సొంత ఊళ్ళో మొదలుపెట్టండి, పిలకాయల భాష నేర్చుకోండి

చాలామంది తొలి అవకాశం హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో రావాలనుకుంటారు. హ్లింకా లిట్వీనోవ్‌కి తిరిగొచ్చాడు. నాగనోకి తీసుకెళ్ళిన జట్టులో సగానికి అటూ ఇటూగా సొంత దేశపు లీగులోనో యూరప్ లీగుల్లోనో ఆడేవాళ్ళే. అమెరికా, కెనడా జట్లు మొత్తం ఎన్‌హెచ్‌ఎల్ తారలతో వచ్చాయి. చెక్‌లు క్వార్టర్స్‌లో అమెరికాని 4–1తో కొట్టారు. పేరున్న ఫార్వర్డ్ యాగర్, గోలీ హాషెక్ ఉన్నారు, నిజమే. కానీ పేరు లేనివాళ్ళని కూడా ఆ కోచ్ ఎరుగును. సెమీస్‌లో కెనడా మీద గోలు కొట్టిన యిరీ ష్లేగర్, వాంకూవర్‌కి హ్లింకాతో పాటు వెళ్ళి ఆడిన యిరీ బుబ్లా కొడుకు. ఇంతకంటే ఎరగడం ఏముంటుంది! మీ ఊళ్ళో ఎవరి నాన్న ఆటో తోలతాడో, ఎవరి అమ్మ పూలు కడుతుందో, జాతర వారంలో ఎవరు ప్రాక్టీసుకి రాలేరో మీకు ముందే తెలుసు. అది పెద్ద బలం. వేరే ఊళ్ళో అది సంపాదించడానికే రెండేళ్ళు పడుతుంది.

భాష సంగతి ఇంకా ముఖ్యం. 2000లో హ్లింకాని అమెరికాలో పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ క్లబ్బు హెడ్ కోచ్‌గా పిలిచింది. యూరప్ కోచ్‌లు అక్కడ హెడ్ కోచ్‌లవడం అప్పుడే మొదలు. అదే ఏడాది చికాగో క్లబ్బు ఫిన్లాండ్‌కి చెందిన ఆల్పో సుహోనెన్‌ని తీసుకుంది. మొదటి సీజన్ బాగానే పోయింది, ఆట మానేసిన ఆ క్లబ్బు పాత తార మారియో లెమ్యూ డిసెంబరులో తిరిగొచ్చాడు, జట్టు లీగు సెమీస్ లాంటి కాన్ఫరెన్స్ ఫైనల్ దాకా వెళ్ళింది. కానీ హ్లింకాకి ఇంగ్లీషు అంతంతమాత్రం. వేసవిలో యాగర్‌ని వాషింగ్టన్‌కి ఇచ్చేశారు. తర్వాతి సీజన్లో మొదటి నాలుగు మ్యాచులూ ఓడగానే హ్లింకాని తీసేశారు. మూడేళ్ళ ముందు ఒలింపిక్ స్వర్ణం తెచ్చిన బుర్ర అదే, అనుభవం అదే. చెబితే అందుకునేవాళ్ళు ఉంటేనే కదా!

మన చిత్తూరు వైపు ఇది రోజూ ఎదురయ్యే సంగతే. నగరి పక్క పల్లెనుంచి ఒకమ్మాయి వచ్చి వాళ్ళ అత్త ఇంట్లో ఉండి చదివేది. అయిదో తరగతి దాకా అరవంలోనే చదివింది. నేను అవతలి వైపు నుంచి "కుడి! కుడి!" అని అరిచాను. ఆమె బంతి వదిలేసి నీళ్ళ క్యాన్ దగ్గరికి ఉరికింది. తమిళంలో కుడి అంటే తాగు అని. పిలకాయలందరూ నవ్వారు. ఆమె ఏమీ అనలేదు, నీళ్ళు తాగి వచ్చి నిలబడింది. మర్నాడు రాలేదు, ఆ మర్నాడూ రాలేదు. వాళ్ళ అత్త ఇంటికి వెళ్ళి కూర్చుని, వచ్చీరాని అరవంలో "తప్పు నాదే కణ్ణు" అని చెప్పి వెంట తెచ్చుకున్నాను.

అప్పటినుంచి ఒక పద్ధతి పెట్టాను. గ్రౌండులో వాడే మాటలు పది మాత్రమే, రైట్, లెఫ్ట్, బ్యాక్, టైమ్, పాస్ లాంటివి. తెలుగు, తమిళం, ఉర్దూ, పలమనేరు వైపు కన్నడం, ఇంట్లో ఏది మాట్లాడినా ఆ పది అందరికీ ఒకటే. చేరిన మొదటి రోజు స్టిక్ ఇవ్వకముందు ఆ పదీ చేతి సైగలతో ఆటలాగా ఆడిస్తాను. మెచ్చుకోలు మాత్రం ఎవరి భాషలో వాళ్ళకి చెబుతాను. నగరి అమ్మాయికి "రొంబ నల్లా ఇరుక్కు" అంటే ముఖం వెలిగిపోయేది.

షూటవుట్ జాబితా ముందు రోజే రాయండి

నాగనో సెమీస్ 1–1తో ఆగింది. కెనడా నిమిషం మిగిలుందనగా సమం చేసింది. అదనపు సమయంలోనూ తేలలేదు. షూటవుట్, అంటే ఒక్కొక్కరే వెళ్ళి గోలీ మీద కొట్టడం. చెక్ వైపు మొదట వెళ్ళింది రాబర్ట్ రైఖెల్, లిట్వీనోవ్‌లో పుట్టి ఆ క్లబ్బులోనే ఎదిగినవాడు. కొట్టాడు. హాషెక్ అయిదుగురినీ ఆపాడు. కెనడా కోచ్ మార్క్ క్రాఫర్డ్ ఆ అయిదుగురిలో వేన్ గ్రెట్జ్కీని పెట్టలేదు. ఆటలోనే అందరికంటే పెద్ద పేరున్న మనిషి బెంచీ మీదే ఉండిపోయాడు. ఆ నిర్ణయం గురించి ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. ఫైనల్లో రష్యా మీద డిఫెండర్ పెత్ర్ స్వొబొడా కొట్టిన ఒక్క గోలుతో 1–0తో స్వర్ణం వచ్చింది.

నేను చిత్తూరులో ఒక టోర్నమెంట్ సెమీస్‌లో ఇదే దగ్గర తప్పాను. జాబితా లేదు. డ్రా అయ్యాక గుంపులో నిలబడి "ఎవరు వెళ్తారు?" అని అడిగాను. సీనియర్లు చేతులెత్తారు, ఎత్తక తప్పదు కాబట్టి ఎత్తారు. ప్రాక్టీసులో మా గోలీని రోజూ ఓడించే తొమ్మిదో తరగతి అమ్మాయి వెనక నిలబడి చెయ్యెత్తలేదు, నేనూ పిలవలేదు. ఓడిపోయాం. బస్సులో ఆ అమ్మాయి నా పక్కన కూర్చుని అరగంట తర్వాత "అక్కా, నన్ను పిలుస్తారనుకున్నా" అంది.

ఇప్పుడు ఇట్లా చేస్తున్నాను. టోర్నమెంట్‌కి ముందు మూడు వారాలు, వారానికి రెండుసార్లు, బాగా అలిసిపోయాకే షూటవుట్ చేయిస్తాను. ఇరవైమూడు మీటర్ల గీత దగ్గర బంతి, విజిల్ మోగాక ఎనిమిది సెకన్లు, గోలీ గీత మీద నుంచి మొదలు. తేటగా ఉన్నప్పుడు చేయిస్తే లెక్కలోకి రాదు. ఎవరు ఎన్ని కొట్టారో ఎటువైపు కొట్టారో నోటుబుక్కులో ఉంటుంది. ముందు రోజు రాత్రి అయిదు పేర్లూ వరుసలో రాసి, ఆ అయిదుగురికి మాత్రమే విడివిడిగా చెబుతాను. నిద్రపట్టదని భయపడతారేమో అనుకున్నాను, కానీ తెలియకపోతేనే నిద్ర పట్టదట, వాళ్ళే చెప్పారు.

తీసేస్తారు, అప్పటికి సిద్ధంగా ఉండండి

నేను నాలుగేళ్ళు ఒక ప్రైవేటు స్కూల్లో కోచింగ్ చేశాను. చివరి మూడు నెలల జీతం ఇవ్వలేదు, వేసవి సెలవులయ్యాక వెళ్తే ఇంకొకరు విజిల్ వేసుకుని ఉన్నారు. ఎవరూ ముందు చెప్పలేదు. నాకు బాధ కలిగింది డబ్బు గురించి కంటే, పిలకాయలకి వెళ్ళొస్తానని చెప్పలేకపోయినందుకు. కాబట్టి ఎంత చిన్న ఒప్పందమైనా కాగితం మీద రాయించుకోండి. జీతం ఎంత, ఏ తారీఖుకి, ఎన్ని నెలల ముందు చెప్పి మాన్పించాలి, ఈ మూడూ ఉంటే చాలు. పిల్లల గురించి రాసుకున్న నోటుబుక్కు స్కూలు బీరువాలో పెట్టొద్దు, ఇంటికి తెచ్చుకోండి. ప్రతి టర్ము చివరా పిల్లలకి ఒక మంచి మాట చెప్పి పంపండి, మళ్ళీ కలుస్తారో లేదో ఎవరికి తెలుసు.

హ్లింకా పిట్స్‌బర్గ్ నుంచి ఇంటికే తిరిగొచ్చాడు. 2004 ప్రపంచ కప్పుకి జాతీయ జట్టుని మళ్ళీ ఆయన చేతికే ఇచ్చారు. టోర్నీకి రెండు వారాలుందనగా, ఆగస్టు 16న, కార్లొవీ వారీ దగ్గర రోడ్డు ప్రమాదంలో పోయాడు. 54 ఏళ్ళు. లిట్వీనోవ్ స్టేడియానికి ఆయన పేరే పెట్టారు. పద్దెనిమిదేళ్ళలోపు కుర్రాళ్ళ టోర్నమెంట్ ఒకటి ఆయన పేరుతో నడుస్తోంది, 2018 నుంచి దాన్ని హ్లింకా గ్రెట్జ్కీ కప్ అంటున్నారు. నాగనో సెమీస్ రోజు హ్లింకా ఈ బెంచీ వెనక, గ్రెట్జ్కీ ఆ బెంచీ మీద. ఇప్పుడు ఇద్దరి పేర్లూ పిల్లల కప్పు మీద పక్కపక్కన ఉన్నాయి. అది చదివినరోజు నేను చాలాసేపు ఫోన్ పక్కన పెట్టలేకపోయాను.

మొదటి రోజు సంచీలో ఏముండాలి

విజిల్ రెండు, ఒకటి ఎప్పుడూ పోతుంది. ముగ్గుపిండి రెండు కిలోలు, గీతలకి సున్నం వద్దు, పిల్లల కళ్ళలో పడితే మండుతుంది. కోన్లు కొనలేకపోతే నీళ్ళ సీసాల్లో ఇసుక నింపండి. గ్రిప్ టేపు, కత్తెర, క్రేప్ బ్యాండేజి, ఓఆర్ఎస్ పొట్లాలు. ఉడకబెట్టిన శెనక్కాయలు ఒక డబ్బా, ఎందుకంటే చాలామంది ఏమీ తినకుండానే వస్తారు, అడిగితే తిన్నామంటారు. నోటుబుక్కు, పెన్ను. మీ స్టిక్ మాత్రం ఇంట్లోనే ఉంచి రండి.

అయిదున్నరకల్లా చేరండి. మొదట వచ్చిన పిల్లని పేరు పెట్టి పిలిచి, ముగ్గుపిండి డబ్బా చేతికిచ్చి డీ గియ్యమనండి. వంకరగా గీస్తుంది. సరిచెయ్యకండి.